నక్షత్రాల పురిటిల్లు, పెరట్లోంచి

మాఘమాసంలో రాత్రి ఎనిమిది దాటాక డాబా ఎక్కి తలెత్తితే, వరుసగా మూడు చుక్కలు కనిపిస్తాయి. అది ఓరియన్ నడికట్టు. దానికి కాస్త దక్షిణంగా కత్తిలా వేలాడే చిన్న చుక్కల్లో నడిమిది మసగ్గా ఉంటుంది. మీ చూపు తగ్గిందనుకోకండి, అది చుక్కే కాదు. దాదాపు 1,350 కాంతి సంవత్సరాల దూరాన ఉన్న వాయుమేఘం, ఓరియన్ నీహారిక. దాని గుండెలో పసి నక్షత్రాల గుంపు ఉంది. వాటి వయసు పది లక్షల ఏళ్ల ప్రాంతం. మన సూర్యుడికి 460 కోట్ల ఏళ్లు.

టెలిస్కోపులో తొలిసారి చూసినవాళ్లు చాలామంది నిరాశపడతారు. పత్రికల్లో చూసిన ఎర్రటి పువ్వు ఎక్కడ, ఈ బూడిదరంగు పొగ ఎక్కడ? కన్ను వెలుగును ఎప్పటికప్పుడు వదిలేస్తుంది, కెమెరా కూడబెడుతుంది. తేడా అంతా అక్కడే ఉంది. 1880లో హెన్రీ డ్రేపర్ 51 నిమిషాలు కూడబెట్టి దీని మొదటి ఫొటో తీశాడు. 1883లో లండన్ దగ్గర ఈలింగ్‌లో ఆండ్రూ కామన్ 36 అంగుళాల అద్దంతో తీసిన ఫొటోలో కంటికి ఆనని నక్షత్రాలు కూడా పడ్డాయి. కామన్ వృత్తిరీత్యా పారిశుద్ధ్య ఇంజనీరు, టెలిస్కోపు ఉన్నది ఆయన ఇంటి తోటలో!

అయితే భూమి తిరుగుతోంది కదా, ఆకాశం గంటకు 15 డిగ్రీలు జరిగిపోతుంది. చుక్కలు గీతలు కాకుండా ఉండాలంటే టెలిస్కోపును మోసే మౌంటు ధ్రువనక్షత్రం వైపు గురిపెట్టుకుని, అదే వేగంతో తిరగాలి. హైదరాబాద్‌లో ధ్రువుడు దిక్చక్రానికి 17 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. చాలా ఇళ్లకు పక్కింటి వాటర్ ట్యాంకే అడ్డు.

ఇప్పుడెవరూ గంటసేపు ఒకే ఫొటో తీయరు. అరనిమిషం ఫొటోలు వంద తీసి, కంప్యూటర్లో ఒకదానిమీద ఒకటి పేరుస్తారు. వంద పేరిస్తే ఫొటోలోని గరగర సుమారు పదో వంతుకు తగ్గుతుంది.

అసలు చిక్కు నడుమ ఉంది. ట్రపీజియం అనే నాలుగు నక్షత్రాల చుట్టూ వెలుగు ఎంత ఎక్కువంటే, అంచుల్లోని పలుచని వాయువు పడేసరికి మధ్యభాగం సున్నం కొట్టినట్టు తెల్లబడిపోతుంది. దీపం వత్తినీ, ఆ వెలుగు సోకీ సోకని గది మూలనూ ఒకే ఫొటోలో పట్టబోయినట్టే. అందుకని నడుమ భాగానికి రెండు, మూడు సెకన్ల ఫొటోలు విడిగా తీసి, తర్వాత కలుపుతారు.

మరి ఆ ఎరుపు నిజమేనా? నిజమే. వేడెక్కిన హైడ్రోజన్ 656 నానోమీటర్ల దగ్గర వెలువరించే కాంతి అది. చీకట్లో మన కన్ను ఎరుపును సరిగా పట్టుకోలేదు, మామూలు కెమెరాలోని ఫిల్టరు కూడా దాన్ని చాలావరకు ఆపేస్తుంది. ఆ రంగును ఎంత పెంచాలన్నది మాత్రం తీసేవాడి చేతిలో పని. పసి నక్షత్రాలు మునిగిపోయేంత ఎరుపు పూసిన ఫొటో నాకు నచ్చదు.

ముందు వెన్నెల లేని రాత్రి చూసుకోండి. వైశాఖం వచ్చేసరికి ఓరియన్ సూర్యుడి వెంటే పడమట దిగిపోతుంది.