అసమ్మతి పదజాలం

అధికారంతో విభేదించడాన్ని తెలిపే తెలుగు పదాలు అనేకం. వీటి తీవ్రత ఒకటి కాదు. సమ్మతి లేకపోవడం అసమ్మతి. దానిని బహిరంగంగా వ్యక్తపరచడం నిరసన. సహకరించడానికి ఒప్పుకొనకపోవడం నిరాకరణ. ఆజ్ఞను లెక్కచేయకపోవడం ధిక్కారం. అధికారాన్నే కూలద్రోయ పూనుకోవడం తిరుగుబాటు.

న్యాయవ్యవస్థలో

ధర్మాసనంలోని మిగిలినవారితో ఏకీభవించని న్యాయమూర్తి వ్రాసేది అసమ్మతి తీర్పు. 1976లో, అత్యవసర పరిస్థితి కాలంలో, హెబియస్ కార్పస్ కేసులో జస్టిస్ హెచ్.ఆర్.ఖన్నా ఒక్కరే ఇట్టి తీర్పు వ్రాశారు. 1977లో ప్రభుత్వం ఆయనను కాదని ఆయన తరువాతివారిని ప్రధాన న్యాయమూర్తిగా నియమించగా రాజీనామా చేశారు. నాటి మెజారిటీ తీర్పు చెల్లదని 2017లో సుప్రీంకోర్టు ప్రకటించింది. అసమ్మతి తీర్పు నేరం కాదు. కోర్టు ధిక్కారం మాత్రం 1971 నాటి చట్టం ప్రకారం శిక్షార్హం.

చరిత్రలో

పేరు పెట్టేవారిని బట్టి కూడా పదం మారుతుంది. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వాన చీరాల-పేరాల ప్రజలు మునిసిపాలిటీ పన్నులు కట్టక ఊరు విడిచి వెళ్ళారు, ఇది నిరాకరణ. 1922-24లో అల్లూరి సీతారామరాజు నడిపిన పోరాటం బ్రిటిషు అధికారులకు పితూరీ, తెలుగువారికి మన్యం విప్లవం. ఒకప్పుడు తిరుగుబాటును సూచించిన పితూరీ నేటి వాడుకలో పైవారికి చెప్పే ఫిర్యాదు, చాడీ అనే అర్థాలలో వినబడుతుంది.