చెప్పుల్లేకుండా పరిగెత్తాలా?
"అరకు కొండల్లో ఒట్టికాళ్ళతోనే నడుస్తారు, మనకెందుకు బ్రో షూస్?" రన్నింగ్ చేసే ఫ్రెండ్స్ అనేదే ఇది.

1960 రోమ్ ఒలింపిక్స్ మారథాన్‌ని అబెబె బికిలా ఒట్టికాళ్ళతో గెలిచాడు, నిజమే. 1964 టోక్యోలో షూస్ వేసుకుని ఇంకా ఫాస్ట్‌గా గెలిచాడు, అది ఎవరూ చెప్పరు!

అలవాటున్నవాళ్ళు ఎక్కువగా పాదం ముందుభాగం మీద దిగుతారు. మడమకి దెబ్బ తగ్గుతుంది, కానీ ఆ భారం పిక్కల మీద, అకిలీస్ టెండన్ మీద పడుతుంది. షూస్‌లో పెరిగిన కాలు దానికి రెడీగా ఉండదు. పల్చటి సోల్ మినిమలిస్ట్ షూస్‌కీ ఇదే లెక్క.

ఇక అరకు సంగతి. 2025 ఏప్రిల్‌లో డుంబ్రిగుడ మండలం పెదపాడులో చాలామందికి చెప్పుల్లేవని చూసి, పవన్ కల్యాణ్ ఊరికి చెప్పులు పంపించారు. అక్కడది ఫిట్‌నెస్ ట్రెండ్ కాదండీ, చెప్పుల్లేక.

ట్రై చేస్తారా? గడ్డి మీద ఐదు నిమిషాలతో మొదలెట్టండి. షుగర్‌తో కాళ్ళు తిమ్మిరెక్కేవాళ్ళు మాత్రం వద్దు.