పడవకు సూర్యుడి సాయం



కంప్లి దగ్గర తుంగభద్రలో పుట్టి నడిపే వాళ్ళను మీరు చూసే ఉంటారు. కన్నడంలో దాన్నే హరిగోలు అంటాం. తెడ్డు వేసీ వేసీ భుజాలు అరిగిపోయిన పెద్దలు నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది. "మేష్టారూ, బోరుకు సోలారు వచ్చింది గదా, పడవకు రాదా?" అని. ఎందుకు రాదు? కేరళలో వైకం దగ్గర 'ఆదిత్య' అనే సౌర పడవ 2017 జనవరిలో మొదలైంది. 75 మంది పడతారు.

మన చిన్న పడవకు సంగతి ఏమిటో చూద్దాం. గుండ్రని పుట్టికి మోటారు బిగిస్తే అది గిరగిర తిరగడానికే చూస్తుంది. పొడుగాటి పడవగాని, తెరచాప పడవగాని అయితే అనువు. గాలి ఉన్నంతసేపు చాప, గాలి పడిపోతే మోటారు.

కాలువ కింద సేద్యం చేసేవారికి ఇది సులభంగా అర్థమవుతుంది. సోలారు పలక వాన అనుకోండి. బ్యాటరీ చెరువు. మధ్యనుండే చార్జి కంట్రోలరు తూము. మోటారు పొలం. కాలువ కింది పంటకు నేరుగా పడే వాన ఒక్కటే చాలదు, చెరువు నిండాలి. అలాగే పడవను నడిపేది ఎండ కాదు, బ్యాటరీ.

ఇప్పుడు లెక్క చూద్దాం. 12 వోల్టుల చిన్న మోటారు పూర్తి వేగంలో సుమారు 30 ఆంపియర్లు తాగుతుంది. 100 వాట్ల పలక మంచి ఎండలో 5 ఆంపియర్లు ఇస్తుంది. రోజుకు 5 గంటల గట్టి ఎండ అనుకుంటే 25 ఆంపియర్ గంటలు. అంటే రోజంతా కాసిన ఎండ, గంటసేపటి పరుగుకు కూడా చాలదు! నెమ్మదిగా పోతే మాత్రం ఖర్చు బాగా తగ్గుతుంది. ఇంకొక మాట. బళ్ళారి ఎండ ఎక్కువ కాబట్టి కరెంటూ ఎక్కువే అనుకోకండి. పలక వేడెక్కిన కొద్దీ దాని శక్తి తగ్గుతుంది. అందుకే దాని కింద గాలి ఆడనివ్వాలి.

ఇక తీగలు. ఒకసారి నేను ఇంటి వైరింగులో మిగిలిన సన్నటి తీగతో మోటారు కలిపాను. పావుగంటలో తీగ మెత్తబడి కాలిన వాసన వచ్చింది. ఒడ్డు దగ్గరే ఉన్నాం కాబట్టి సరిపోయింది. తర్వాత లెక్క వేస్తే తెలిసింది. ఆ 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగలో రానూపోనూ 6 మీటర్లకు 2 వోల్టులు దారిలోనే పోయాయి. అంటే 60 వాట్లకు పైగా వేడి. అదే 16 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలో అయితే పోయేది వోల్టులో అయిదో వంతే. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఇదే.

ఈ నాలుగు మాటలూ గుర్తుంచుకోండి. మొదటిది, మోటారు తీగను కంట్రోలరుకు తగిలించకండి, నేరుగా బ్యాటరీకే కలపండి. రెండోది, బ్యాటరీ ప్లస్ మొనకు జానెడు దూరంలోనే ఫ్యూజు ఉండాలి. మోటారుకు 40 ఆంపియర్లది, కంట్రోలరు తీగకు 10 ఆంపియర్లది. మూడోది, కంట్రోలరుకు ముందు బ్యాటరీని కలిపి, ఆ తర్వాతే పలకను కలపండి. విప్పేటప్పుడు ముందు పలక, తర్వాత బ్యాటరీ. నాలుగోది, బ్యాటరీని దొర్లకుండా కట్టండి, పెట్టెకు గాలి రంధ్రాలు పెట్టండి. చార్జి అవుతున్నప్పుడు వచ్చే వాయువు మండుతుంది. బీడీ దగ్గరికి తేవద్దు.

సీసపు బ్యాటరీని సగానికి మించి వాడకండి. 100 ఆంపియర్ గంటల బ్యాటరీ ఉంటే మీ చేతిలో ఉన్నది 50 మాత్రమే. ఎదురు నీటిలో తిరిగి రావడానికి కావలసింది అందులోంచే మిగుల్చుకోవాలి.

చివరిగా ఒక్క మాట. మోటారు వచ్చింది గదా అని తెడ్డును ఇంట్లో వదిలిపెట్టి రాకండి. నడి ఏట్లో ఫ్యూజు పోయిన రోజున మిమ్మల్ని ఒడ్డుకు చేర్చేది అదే.