నీటి గొట్టముతో జపాను వేణువు

ఇంట నీటి గొట్టములు వేయించినపుడు మిగిలిన తునుకలు పెరటి మూలకు చేరుట వాడుక. అట్టి తునుక యొకటి మా యింట వాద్యమైనది. అది యెట్లయినదో సోదరీమణులకు తెలుపుటకే యీ వ్యాసము.

జపాను దేశమున షాకుహాచి యను వేణువు కలదు. వేరుతోకూడిన వెదురు మొదటి భాగముతో దానిని చేయుదురు. ఒక షాకు ఎనిమిది సున్‌లు, అనగా 54.5 సెంటిమీటర్లు, నిడివి యుండుటచే దాని కా పేరు వచ్చినది. ‘హాచి’ యనగా ఎనిమిది. మన పిల్లనగ్రోవివలె అడ్డముగా గాక, దీనిని నిలువుగా పట్టి పైకొనయందు ఊదవలెను. ముందు నాలుగు, వెనుక బొటనవ్రేలికి ఒకటి, మొత్తము ఐదే రంధ్రములు.

ఎడో కాలమున (1603-1868) ఫుకె శాఖకు చెందిన కొముసో సన్న్యాసులు ముఖమును కప్పు గంపవంటి టోపీ ధరించి, దీనిని ధ్యానసాధనముగా ఊదుచు భిక్షాటనము చేయుచుండిరి. ఇతరు లూదరాదని ఆ శాఖవారు పట్టుపట్టిరి. 1871లో ప్రభుత్వము ఆ శాఖను రద్దుచేసిన పిమ్మట వాద్యము సామాన్యజనుల కందినది. నేడు స్త్రీలును దీనిని ఊదుచున్నారు. 1977లో అంతరిక్షమునకు పంపిన వాయేజరు నౌకల ఫలకమున యమగుచి గోరో ఊదిన షాకుహాచి నాదమును చేరినది.

నిషేధము తొలగినను వెల యడ్డముగా నిలిచినది. నిపుణులు చేసిన మంచి వెదురు వాద్యము మన నాణెమున లక్షకు మించవచ్చును. అందుచేతనే పలుదేశముల అభ్యాసకులు ప్లాస్టిక్కు గొట్టముతో దీనిని స్వయముగా చేసికొనుచున్నారు.

లోపలి వ్యాసము సుమారు 20 మిల్లీమీటర్లు గలిగి, గోడ మందముగా నుండు గొట్టమును 54.5 సెంటిమీటర్లకు కోయవలెను. పైకొన ముందువైపున, ఒకటిన్నర సెంటిమీటరు వెడల్పున, బయటి యంచును ఆకురాయితో ఏటవాలుగా అరగదీయవలెను. లోపలి యంచు కత్తివాదరవలె పలుచన కావలెను. నాదము పుట్టు చోటదియే. తక్కిన యంచును నునుపుచేయవలెను. క్రిందికొననుండి సుమారు 12 సెంటిమీటర్లకు మొదటి రంధ్రము, ఆపై ఇంచుమించు ఐదున్నర సెంటిమీటర్ల కొకటి చొప్పున ముందువైపున మూడు, నాల్గవదానికి మరి మూడున్నర సెంటిమీటర్లపైన వెనుక ఒకటి వేయవలెను. మొదట చిన్నవిగా వేసి, హార్మోనియముతో సరిచూచుకొనుచు కొంచెము కొంచెముగా పెంచవలెను. రంధ్రము పెరిగిన స్వరము హెచ్చును. కోయునపుడు రేగు పొడిని పీల్చరాదు. ముక్కునకు గుడ్డ కట్టుకొనవలెను. కాల్చిన యినుముతో రంధ్రములు వేయరాదు. ఆ పొగ హానికరము.

మేము తొందరపడి మొదటి గొట్టమున రంధ్రములు పెద్దవిచేసి చెడగొట్టితిమి. వెదురైన నెంత నొచ్చుకొనియుందుమో! గొట్టమగుటచే నవ్వుకొని మరియొక తునుక కోసితిమి.

ఇక ఊదుట. గొట్టపు వెనుక యంచును గడ్డమున కానించి, ఖాళీ సీసా మూతిపై ఊదినట్లు సన్నని గాలిని ఆ వాదరపై పోనీయవలెను. మూడు దినములు మాకు గాలి చప్పుడే గాని నాదము రాలేదు, తలయు తిరిగినది. తల తిరిగినపుడు వెంటనే ఆపవలెను. నాల్గవనాడు అన్ని రంధ్రములను మూసి ఊదగా లోతైన స్వర మొకటి పలికినది. జపానువారు దానిని ‘రో’ యందురు. అది మన రెండు శ్రుతి. దానిని షడ్జముగా గొని రంధ్రములను క్రిందినుండి వరుసగా తెరచినచో సాధారణ గాంధారము, శుద్ధ మధ్యమము, పంచమము, కైశికి నిషాదము, తారషడ్జము వచ్చును. ఇవి మన శుద్ధ ధన్యాసి స్వరములే! గడ్డము దించిన స్వరము తగ్గును, ఎత్తిన హెచ్చును. గమకము మెడలోనే యున్నది.

ప్రతిదినము కొంతసేపు ‘రో’ నొక్కదానినే దీర్ఘముగా ఊదుట అచటి అభ్యాసకుల సంప్రదాయము. మేమును ఉదయము పొయ్యి వెలిగించుటకు ముందు పది నిమిషములు అట్లే ఊదుచున్నాము. చెడినను నష్టములేని వాద్య మగుటచేతనే ఈ వయసున విద్య నారంభించుటకు మాకు ధైర్యము కలిగినది. దినమంతయు ఇంటివారి పనులలో ఊపిరి సలుపని గృహిణికి తన ఊపిరిని తాను వినుటకు పది నిమిషము లక్కరలేదా? సోదరీమణులారా, మీ పెరటి మూలను ఒకమారు వెదకి చూడుడు.