బిడ్డల చేతిలో ఫోను, తోటివారి నోటిమాట

ఈ దినము మన ఇండ్లలోని యౌవన బిడ్డలను గూర్చియు, వారి చేతిలో ఉన్న ఫోనును గూర్చియు కొంచెము ఆలోచిద్దాము. “పాస్టరుగారూ, ఫోను వచ్చాక మావాడు నిద్రపోవడం లేదు, మీరైనా చెప్పండి” అని తల్లులు అడుగుతూనే ఉంటారు. చెబుతాము, చెప్పవలసినదే. అయితే నేను మిమ్మును మరొక ప్రశ్న అడుగుతున్నాను. అదే ఫోను ద్వారా వానికి ఒక మంచి అలవాటు చేయించగలమా?

మన కొత్తగూడెంలో ఇండ్లు ఎలాగుంటాయో మీకు తెలుసు. తండ్రి సింగరేణిలో గాని, పాల్వంచ విద్యుత్ కేంద్రములో గాని షిఫ్టు పని చేస్తాడు. నైటు షిఫ్టు దిగి ఆయన పడుకొనే వేళకు బిడ్డ బడికి పోతాడు. 2020లో కరోనా వలన బడులు మూతపడి, సెప్టెంబరు 1 నుండి టీ-శాట్‌లోను దూరదర్శన్ యాదగిరిలోను పాఠాలు మొదలైనప్పుడు, క్లాసు గ్రూపు కోసమని ఎంతోమంది పిల్లల చేతికి ఫోను వచ్చింది. బడులు మరల తెరిచారు గాని ఫోను మాత్రము తిరిగి తండ్రి జేబులోనికి పోలేదు.

మనము పెద్దవారము సాధారణముగా ఏమి చేస్తాము? యాభైమందిని చేర్చి ఒక వాట్సాప్ గ్రూపు పెడతాము. ఉదయాన్నే పువ్వుల బొమ్మతో ఒక నీతివాక్యము పంపుతాము. పిల్లలు దానిని మ్యూట్‌లో పెట్టి తమ పని తాము చూసుకుంటారు. నేను వారిని తప్పుపట్టను. ఆ వయస్సులో పెద్దల ఉపదేశముకంటే పక్కన కూర్చున్న స్నేహితుని మాట బలమైనది.

ఇది నా ఊహ కాదు. ఇంగ్లాండు, వేల్సు ప్రాంతాలలో 59 పాఠశాలలలో, 12, 13 ఏండ్ల పిల్లల మధ్య పొగత్రాగుటను గూర్చి ఒక పరిశోధన జరిగింది. 2008లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో అది అచ్చయింది. కొన్ని బడులలో మామూలు బోధనే సాగింది. మిగిలిన బడులలో, ఎవరి మాటకు విలువ ఉందో పిల్లలనే అడిగి, వారు చెప్పినవారికి శిక్షణ ఇచ్చారు. ఉపన్యాసము చేయమనలేదు, కబుర్ల మధ్యలోనే ఆ మాట తీయమన్నారు. తరువాత చూచినప్పుడు ఆ బడులలో పొగ అలవాటు తక్కువగా కనబడింది. మన దేశములో కూడ 2014 జనవరిలో ప్రారంభమైన రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమములో, 10 నుండి 19 ఏండ్ల వారి కొరకు తోటి పిల్లలనే ఆరోగ్య బోధకులుగా ఏర్పరచి, వారికి సాథియా అని పేరు పెట్టారు.

మరి ఫోనులో ఆ బలము పనిచేస్తుందా? 2010లో అమెరికా ఎన్నికల దినాన ఫేస్‌బుక్‌లో 6 కోట్లమందికి పైగా ఓటు వేయమని సందేశము చూపించారు. ఓటు వేశామని చెప్పిన స్నేహితుల ముఖాలతో కూడిన సందేశము కొందరిని కదిలించింది. ముఖాలు లేని వట్టి సందేశము దాదాపు ఎవరినీ కదిలించలేదు. అది ఓటు సంగతి, పెద్దవారి సంగతి, నిజమే. అయినా మన యాభైమంది గ్రూపు ఎందుకు మూగబోయిందో దానినిబట్టి అర్థమవుతుంది.

దానియేలును తలంచుకొనండి. కూరగాయల భోజనము, నీళ్లు చాలునని అతడు ఒంటరిగా ఉండలేదు, ముగ్గురు స్నేహితులు తోడుగా ఉన్నారు. వారు అడిగిన గడువు పది దినములే. చిన్న గుంపు, చిన్న గడువు.

ఇప్పుడు మన ఆడబిడ్డల విషయము చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన దేశములో 15 నుండి 19 ఏండ్ల ఆడపిల్లలలో వందకు 59 మందికి రక్తహీనత ఉన్నది. మెట్లెక్కితే ఆయాసము, చదువు మీద మనస్సు నిలవకపోవుట, తరువాత కాన్పులో అపాయము, ఇవన్నీ దానివలన రాగలవు. బడిలో వారానికొకసారి నీలంరంగు ఐరన్ మాత్ర ఉచితముగా ఇస్తారు. అయినా ఎంతోమంది మింగరు. ఎందుకు? ఖాళీ కడుపున వేసుకుంటే వికారము పుడుతుంది. మలము నల్లగా వస్తుంది, బిడ్డ భయపడుతుంది. ఈ సంగతి అమ్మతో చెప్పదు, టీచరుతో అసలే చెప్పదు. ఆరుగురు స్నేహితురాండ్ర గ్రూపులో ఒకతె “నాకూ నల్లగానే వచ్చిందే, అది మాత్ర వల్లనేనంట, భయపడకు, అన్నం తిన్నాక వేసుకో” అని రాస్తే చాలును. డాక్టరుగారి పోస్టరు చేయలేని పని ఆ ఒక్క మాట చేస్తుంది. అన్నము తిన్న వెంటనే టీ త్రాగితే ఐరన్ ఒంటికి సరిగా పట్టదనియు, నిమ్మకాయ, ఉసిరికాయ తింటే బాగా పడుతుందనియు ఆ గ్రూపులోనే చెప్పుకోవచ్చును.

మగపిల్లల విషయములో గుట్కా, అంబర్ ఉన్నవి. 18 ఏండ్లలోపు వారికి పొగాకు అమ్మకూడదని 2003 చట్టము చెబుతుంది. బడికి వంద గజాల లోపల ఎవరికీ అమ్మకూడదు. అయినా పొట్లము ఎక్కడ దొరుకుతుందో వారికి తెలుసు. దొరికినా వద్దనే స్నేహితుడు కావాలి. నిద్ర సంగతి కూడ అంతే. ఆ వయస్సుకు 8 నుండి 10 గంటలు కావాలి. “పదింటికి ఫోను బయటి గదిలో పెట్టేశా” అని నలుగురూ చెప్పుకొని పెట్టేస్తే, ఐదవవాడు ఎవరితో మాట్లాడతాడు?

అయితే కన్నవారు, యౌవనస్థుల నాయకులు కొన్ని జాగ్రత్తలు గమనించాలి. వాట్సాప్‌కు కనీస వయస్సు 13. గ్రూపులో చేరినవారి ఫోను నంబరు అందరికీ కనబడుతుంది, గనుక ఆడపిల్లల గ్రూపు వేరుగా, ఎరిగినవారితోనే ఉండాలి. తెలియనివారు తమను గ్రూపులలో చేర్చకుండ సెట్టింగ్స్‌లో ‘నా కాంటాక్ట్‌లు’ అని మార్చుకోవచ్చు. పోల్ పెడితే ఎవరు ఏది నొక్కారో సాధారణముగా అందరికీ తెలుస్తుంది, కాబట్టి నెలసరి, గుట్కా వంటి ప్రశ్నలు పోల్‌లో పెట్టవద్దు. అన్నిటికంటె ముఖ్యముగా, బరువు, నడుము కొలత, ఒంటి ఫోటోలు అడగవద్దు. చేసిన పనిని లెక్కించండి, శరీరమును కాదు. ఒకనాడు తప్పినవానిని అందరిలో ఎగతాళి చేస్తే వాడు గ్రూపునే కాదు, గుడిని కూడ విడిచిపోతాడు.

గుండాల, చర్ల వైపు అడవి గ్రామాలలో సిగ్నలు అందని చోట్లున్నవి. భద్రాచలం ఐటీడీఏ ఆశ్రమ పాఠశాలల హాస్టళ్లలో చదివే బిడ్డలందరి చేతిలో ఫోనులు ఉండవు. అక్కడ ఆరుగురు కలిసి గోడకు ఒక కాగితము అంటించి టిక్కు పెట్టుకున్నా అదే పని జరుగుతుంది.

ఒకవేళ గ్రూపులో ఎవరైనా “బ్రతకాలని లేదు” అని రాస్తే, అది పిల్లలు తీర్చగలిగే సంగతి కాదు. వెంటనే నమ్మకమైన పెద్దవారికి చెప్పాలని గ్రూపు మొదలుపెట్టే దినాననే వారికి నేర్పండి. టెలీ మానస్ నంబరు 14416, రాత్రింబగళ్లు ఉచితము, తెలుగులో మాట్లాడుతారు. చైల్డ్‌లైన్ 1098. ఈ రెండు నంబర్లు గ్రూపు పేరు క్రింద, తెరవగానే కనబడేచోట రాయించండి.