గేరు దించితేనే వేగం!

కిందటి సంక్రాంతికి పుట్టింటికి వెళుతూ స్టీరింగు నేనే పట్టుకున్నాను. బెజవాడ నుంచి పామర్రు దాకా నాలుగు వరసల బందరు రోడ్డు, హాయిగా సాగిపోయాం. అక్కడ కూచిపూడి వైపు తిరిగాక రోడ్డు ఇరుకు. ముందు ఎండుగడ్డి ట్రాక్టరు, రోడ్డంతా తనదే అన్నట్టు ముప్పై కిలోమీటర్ల వేగంతో పోతోంది. బస్సు ఒకటి ఎక్కడో దూరంగా వస్తోంది. దాటేయొచ్చులే అనుకుని యాక్సిలరేటర్ గట్టిగా తొక్కాను. కారు గుర్రుమంది గానీ ముందుకు దూకలేదు! సగం దాటేసరికి బస్సు దగ్గరకొచ్చేసింది. బ్రేకు వేసి మళ్లీ ట్రాక్టరు వెనక్కి దూరాను. వెనక సీట్లో మా అత్తగారు "అమ్మా దుర్గమ్మ తల్లీ!" అన్నారు. మావారు ఏమీ అనలేదు. అదే ఎక్కువ బాధనిపించింది.

తప్పు కారుది కాదు. నాలుగో గేరులోనే ఉండిపోయాను నేను.

పెద్ద గేరంటే ఎక్కువ బలం అని మనలో చాలామందికి ఒక భ్రమ. ఇంద్రకీలాద్రి మెట్లు ఒక్కొక్కటే గబగబా ఎక్కేవాళ్లు కూడా మూడేసి మెట్లు ఒక్క అంగలో ఎక్కమంటే మోకాళ్లు పట్టుకుంటారు. తక్కువ వేగంలో పెద్ద గేరు వేయడం అలాంటిదే. ఇంజను ఒక్కో చుట్టుకు కాస్తంత పనే చేస్తుంది. నిమిషానికి చుట్లు పెరిగితేనే బలం. ఆ చుట్ల లెక్కే డ్యాష్‌బోర్డు మీద ఆర్.పి.ఎం. ముల్లు చూపించేది. ఆ ముల్లు ఎందుకుందో డ్రైవింగ్ నేర్చుకునేటప్పుడు నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు!

చిన్న పెట్రోలు కారుకు మామూలుగా నడిపేటప్పుడు ముల్లు 2000, 2500 మధ్య ఉన్నప్పుడు గేరు పెంచుకుంటే చాలు. ఓవర్‌టేక్‌కి మాత్రం అంతకంటే పైన తిరగనివ్వాలి. వేగం ముప్పై దగ్గరుంటే రెండో గేరు, యాభై దగ్గరుంటే మూడోది. ఇంజను మోత పెరుగుతుంది, కంగారు పడకండి. ఎర్రగీత దాకా పోనంతవరకు దానికేమీ కాదు. ముఖ్యమైన సంగతి, పక్కకు రాకముందే, ట్రాక్టరు వెనకుండగానే గేరు దించాలి. సగంలో క్లచ్ తొక్కితే ఉన్న ఊపూ పోతుంది. అలాగని ఎనభైలో పోతూ రెండో గేరుకు లాగితే చక్రాలు ఒక్కసారిగా పట్టేసి బండి అదుపు తప్పొచ్చు. ఆటోమేటిక్ కారైతే గట్టిగా తొక్కినప్పుడు తనే గేరు దించుకుంటుంది గానీ, ఒక్క క్షణం తటపటాయిస్తుంది. ఆ క్షణాన్నీ లెక్కేసుకోవాలి.

నాట్ల రోజుల్లో మన డెల్టాలో లెక్క మారుతుంది. దమ్ము చక్రాల ట్రాక్టర్లు రోడ్డు మీద బురద పోసిపోతాయి, పక్కనే కాలువ. అక్కడ చిన్న గేరులో గట్టిగా తొక్కితే చక్రం గిర్రున తిరిగి బండి జారుతుంది. ఒక గేరు ఎక్కువలో, కాలు మెత్తగా పెట్టి పోవాలి. ఓవర్‌టేక్ మాటే తలపెట్టొద్దు.

ఆ పండగయ్యాక నాలుగు ఆదివారాలు తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద ఇదే సాధన చేశాను. ముల్లు చూడకుండా చప్పుడుతోనే ఇప్పుడు గేరు తెలిసిపోతోంది. మా అత్తగారికి మాత్రం ఇంకా నమ్మకం కుదరలేదు. ముందు ట్రాక్టరు కనిపిస్తే చాలు, "ఏ గేరులో ఉన్నావే అమ్మాయ్?" అంటారు.