అష్టా చెమ్మా: ఇంటిల్లిపాదీ కూర్చునే ఆట

అష్టా చెమ్మా ఆడటానికి కొనాల్సిందేమీ లేదు. గచ్చు మీద సుద్దముక్కతో అడ్డం అయిదు, నిలువు అయిదు గళ్ళు గీసి, నాలుగు వైపులా నడిమి గడిలోనూ మధ్య గడిలోనూ ఇంటూ గుర్తు వేస్తే సరిపోతుంది. నాలుగు గవ్వలు ఉండాలి. అవి దొరకని ఇళ్ళలో చింతగింజలను ఒక వైపు తెల్లబడేదాకా నేలకేసి అరగదీసి వాడతారు. కాయలుగా విరిగిన గాజుముక్కలో, గులకరాళ్ళో, ఎవరివి ఏవో తెలిసేలా ఉంటే చాలు. ఇద్దరి నుంచి నలుగురి దాకా ఆడవచ్చు. ఒక్కొక్కరికి నాలుగేసి కాయలు.

పందెంలో ఎన్ని గవ్వలు వెల్లకిలా పడితే కాయ అన్ని గళ్ళు నడుస్తుంది. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, అంటే నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్ట, అంటే ఎనిమిది. ఈ రెండింటిలో ఏది పడినా మరో పందెం దక్కుతుంది. కాయ తన వైపున్న ఇంటూ గడి నుంచి బయలుదేరి బయటి వరుసలోని 16 గళ్ళను చుట్టి, లోపలి 8 గళ్ళలో వెనక్కి తిరిగి నడిచి, చివరికి మధ్య గడిలో పండుతుంది. మొత్తం 24 అడుగుల నడక. దారిలో ఎదుటివారి కాయ ఉన్న గడికి సరిగ్గా చేరితే దాన్ని చంపవచ్చు. చచ్చిన కాయ మళ్ళీ మొదటి నుంచి రావాలి. ఇంటూ గుర్తు మీదున్న కాయకు మాత్రం చావు లేదు.

ఒక్క కాయనైనా చంపనిదే లోపలి వరుసలో అడుగుపెట్టకూడదన్నది చాలా ఇళ్ళలో పాటించే నియమం. ఆటకు ప్రాణం అదే. దాని వల్ల గుర్తుల మీద తలదాచుకుంటూ పోయేవారికి గెలుపు అందదు. ఎంత జాగ్రత్తపరుడైనా ఎప్పుడో ఒకప్పుడు తెగించక తప్పదు.

నాలుగు గవ్వలు 16 రకాలుగా పడగలవు. బోర్లా పడటానికీ వెల్లకిలా పడటానికీ సమానమైన అవకాశం ఉందనుకుంటే, ఆ పదహారింటిలో ఆరు రెండుకే దక్కుతాయి. ఒకటికి నాలుగు, మూడుకు నాలుగు. చెమ్మకు ఒక్కటి, అష్టకు ఒక్కటి. అష్ట పడగానే ఇల్లు దద్దరిల్లేలా కేకలు వేయడం అందుకే. చేయి తిరిగిన ఆటగత్తె లెక్క కట్టకపోయినా, ఎదుటి కాయకు సరిగ్గా రెండు గళ్ళ ముందు తన కాయను వదలదు.

ఏ కాయ నడపాలన్నది తెలివి. ఎంత నడవాలన్నది అదృష్టం. ఈ పాళ్ళు కుదరడం వల్లే ఏడేళ్ళ మనవరాలు నాయనమ్మను నిజంగానే ఓడించగలదు. చదరంగంలో అది దాదాపు జరగని పని. అక్కడ పిల్లలను సంతోషపెట్టాలంటే పెద్దలు కావాలని ఓడిపోవాలి, ఆ సంగతి పిల్లలు ఇట్టే పసిగడతారు కూడా. కుటుంబంతో ఆడటానికి అష్టా చెమ్మాకు మించినది అరుదు.

ఇలాంటి ఆటలు మన ఇరుగుపొరుగునా ఉన్నాయి. కన్నడిగులు చౌకాబారా అంటారు. వీటికి దగ్గరి బంధువైన పచ్చీసు నుంచే లూడో పుట్టింది, దానికి 1896లో ఇంగ్లండులో పేటెంటు ఇచ్చారు. 2016లో వచ్చిన లూడో కింగ్ దాన్ని ఫోన్లలోకి తెచ్చింది. 2020 లాక్‌డౌన్‌లో ఎక్కడివారక్కడ చిక్కుకుపోయినప్పుడు ఆ ఆటకు విపరీతమైన ఆదరణ దొరికింది. దూరాన ఉన్న పిల్లలతో ఆడుకోవడానికి అది మంచి సాధనమే. అయితే ఫోను తానే పందెం వేస్తుంది, కాయను తానే నడుపుతుంది. గచ్చు మీద గళ్ళ లెక్క పిల్లలదే. పక్కకు ఒరిగిన గవ్వ బోర్లా పడినట్టా, వెల్లకిలా పడినట్టా అన్న తగవు తీర్చుకోవడమూ వాళ్ళ పనే. ఒకే గదిలో ఉన్నవారు ఆ అవకాశాన్ని ఫోనుకు వదిలేయడం నష్టమే.

నియమాలు ఊరికీ ఇంటికీ మారతాయి. కొందరు అష్టో చెమ్మో పడితేనే కాయను బయలుదేరనిస్తారు, కొందరికి ఏ పందెమైనా ఒకటే. ఈ తేడాలు ఎక్కువగా పెద్దల నోటనే ఉన్నాయి. ఇంట్లో అమ్మమ్మో తాతయ్యో ఉంటే పిల్లలతో కలిసి వారి పక్కన కూర్చుని ఒక ఆట ఆడండి, మీ ఇంటి నియమాలను అడిగి రాసి పెట్టుకోండి.